బరంపురం వైపు స్థలాల వ్యాపారానికి ఉత్తరాల ప్రచారం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలో బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి వైపు స్థలాలు, ఇళ్లు అమ్మిపెట్టే పని మాది. పేపర్లో పాంప్లెట్లు పెట్టించాం, ఆంధ్ర సరిహద్దులోని గిరిసోల చెక్‌పోస్టు దాకా ఫ్లెక్సీలు కట్టించాం, వాట్సాప్ గ్రూపుల్లో పంపి తిట్లు తిన్నాం. ఆఖరికి పోస్టాఫీసు మెట్లెక్కాం. అక్కడ గిట్టుబాటు కనిపించింది. అప్పట్నుంచి ఇచ్ఛాపురం, సోంపేట, గునుపురం నుంచి ఇదే పనిలో ఉన్నవాళ్లు ఫోన్లు చేసి అడుగుతూనే ఉన్నారు. చెప్పిందే చెప్పలేక ఇలా రాసి పెడుతున్నాను.

ఈ రోజుల్లో ఉత్తరం ఎవరు చదువుతారండీ?

అందరూ చదవరు. మనకు అందరూ అక్కర్లేదు కూడా.

బరంపురంలో ఒక తెలుగు ఇంటికి పోస్టులో ఏమొస్తుందో ఆలోచించండి. బ్యాంకు కాగితం ఇంగ్లీషులో, మునిసిపాలిటీ నోటీసు ఒడియాలో, బీమా కాగితం ఇంగ్లీషులో. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి గంజాంలో చాలా భాగం ఇటు వచ్చింది. రాష్ట్రపతిగా చేసిన వరాహగిరి వెంకటగిరి పుట్టిన ఊరు బరంపురమే. లంజిపల్లి, కామపల్లి, కోర్ట్‌పేట అని పేటల పేర్లలో కూడా ఇంకా తెలుగే వినిపిస్తుంది. కానీ పోస్ట్‌మ్యాన్ సంచిలో తెలుగు అక్షరం కనబడి ఎన్నేళ్లయిందో! పెళ్లి శుభలేఖలు కూడా ఇప్పుడు ఫోనులోనే వస్తున్నాయి కదా.

కోర్ట్‌పేటలో ఒకింటికి మేం వెళ్లినప్పుడు చూశాను. వసారాలో మేకుకు వంకీ తీగ వేలాడుతోంది, దానికి గుచ్చిన పాత ఉత్తరాలు, కరెంటు బిల్లులు. పైపైనే మా ఉత్తరం ఉంది, మడత మీద పసుపు మరక. మామ్మగారు దాన్ని తీగ నుంచి లాగి, "మీరే కదా బాబూ ఇది రాసింది? మా మనవడికి తెలుగు చదవడం రాదు. నేనే రెండుసార్లు చదివి వినిపించాను" అన్నారు. వాట్సాప్ మెసేజిని ఎవరూ తీగకు గుచ్చుకోరు కదా. ఆ మనవడు ఫోను చేసింది ఉత్తరం అందిన రెండు నెలలకు.

అయితే ఉత్తరం పూర్తిగా తెలుగులోనే రాయాలా?

ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న, అందుకని కొంచెం నిదానంగా చెబుతాను.

ఇక్కడి తెలుగు ఇళ్లలో మూడు తరాలకు మూడు లిపులు. పెద్దవాళ్లు తెలుగు చదువుతారు. వాళ్ల పిల్లల్లో చాలామంది ఒడియా మీడియంలో చదివారు. తెలుగు చక్కగా మాట్లాడతారు, అక్షరాలు మాత్రం రావు. మనవలకు ఇంగ్లీషు. డబ్బు పెట్టేది రెండో తరం, సరే అనాల్సింది మొదటి తరం, ఇంటర్నెట్లో వెతికి తప్పులు పట్టేది మూడో తరం. మొదట్లో మేం తెలుగులో మాత్రమే అచ్చేశాం. కవరు విప్పిన కొడుకు ఏదో గుడి చందా కాగితం అనుకుని పక్కన పడేసిన ఇళ్లు ఉన్నాయి.

ఇప్పుడు ఒక కాగితానికి ఒకవైపు ఉత్తరంలాగే తెలుగు, రెండోవైపు ఒడియాలో స్థలం వివరాలు. ఒడియా వైపు కబుర్లు ఉండవు. మౌజా (రెవెన్యూ గ్రామం), ఖాతా నంబరు, ప్లాటు నంబరు, కిసమ్ (భూమి రకం), విస్తీర్ణం అంతే. ఎందుకంటే పట్టా ఒడియాలోనే ఉంటుంది, భూలేఖ్ అనే ఒడిశా భూరికార్డుల సైటులో చూసుకునేవాళ్లు ఆ మాటల్నే వెతుకుతారు. కింద క్యూఆర్ కోడ్ మనవడి కోసం.

ఒడియా వైపును తెలుగు నుంచి యంత్రంతో అనువదించి పెట్టకండి. మాట్లాడే ఒడియా వేరు, తహసీలు ఆఫీసు ఒడియా వేరు. దస్తావేజులు రాసేవాళ్ల చేత ఒకసారి చూపించుకుంటే పోయేదేమీ లేదు.

కవరు మీద చిరునామా కూడా తెలుగులో రాస్తే ఆప్యాయంగా ఉంటుంది కదా?

ఉంటుంది, ఉత్తరం చేరితే. సార్టింగులో ఉన్నవాళ్లకూ బీటు పోస్ట్‌మ్యాన్‌కూ తెలుగు వస్తుందన్న పూచీ లేదు. చిరునామా, పిన్‌కోడు ఇంగ్లీషులో రాయండి. కవరు ఎడమవైపు మూలన మాత్రం "పెద్దలు ఫలానా గారికి" అని తెలుగులో ఒక ముక్క, వీలైతే చేత్తో. కవరు విప్పించేది ఆ ముక్కే.

మర్యాద మాటల విషయంలో జాగ్రత్త. పాత పద్ధతిలో ముత్తైదువలకు ల.సౌ., భర్త పోయినవాళ్లకు గం.భా.స. లాంటివి పెట్టాలని మా నాన్నగారు పట్టుబట్టేవారు. ఆ ఇంట్లో ఏం జరిగిందో మనకేం తెలుసు? "శ్రీమతి" చాలు. ఇంటిపేరు తప్పు రాస్తే మాత్రం క్షమించరు. గుడ్ల ఇంటిపేరును గుడ్డ అని అచ్చేస్తే ఎవరికైనా ఒళ్లు మండదూ!

ఇచ్ఛాపురం పాతిక కిలోమీటర్లే, ఉత్తరానికి అన్ని రోజులెందుకు?

పిన్‌కోడు చూడండి. బరంపురం 760తో మొదలవుతుంది, ఇచ్ఛాపురం 532312. మొదటి అంకె 7 ఉన్నది ఒకవైపు పోతుంది, 5 ఉన్నది ఇంకోవైపు. తపాలా వాళ్లకు అది వేరే సర్కిలు. రోడ్డు మీద పాతిక కిలోమీటర్లే అయినా ఉత్తరం రెండు సర్కిళ్ల సార్టింగు దాటాలి. మేం చేసేదేమిటంటే, ఆంధ్ర వైపు కట్టను సంచిలో వేసుకుని ఇచ్ఛాపురం వెళ్లి అక్కడి కౌంటర్లో ఇస్తాం. ఎలాగూ వారానికొకసారి అటు పని ఉంటుంది.

చిరునామాల జాబితా ఎక్కడ దొరుకుతుంది?

కొనకండి. జాబితాలు అమ్ముతామని వచ్చేవాళ్ల దగ్గర సగం పేర్లు ఊళ్లో లేనివి, మిగతా సగం పది మందికి అమ్మినవి. ఓటరు జాబితా చూసి రాద్దామని కొందరంటారు. అందులో ఊరు విడిచి విశాఖ వెళ్లినవాళ్లు ఉంటారు, కొత్తగా అద్దెకొచ్చినవాళ్లు ఉండరు. పైగా దాని ఉద్దేశం వేరు.

మా జాబితా మూడు చోట్ల నుంచి వచ్చింది. ఇదివరకు మా దగ్గర కొన్నవాళ్లు, అమ్మినవాళ్లు. సైటు చూడ్డానికొచ్చి, పుస్తకంలో చిరునామా రాసి, "వివరాలు పంపండి" అన్నవాళ్లు. ఇక మూడోది కాళ్ల జాబితా. ఒక్కో ఆదివారం ఒక్కో వీధి నడిచి, గేటు మీది పేరు, ఇంటి నంబరు రాసుకోవడం. హిల్‌పట్నాలో అద్దె ఇళ్లెన్ని, గోసానినువాగాంలో మేడ మీద మేడ వేస్తున్నవాళ్లెవరు, ఏ ఇంటి ముందు స్కూటరు రెండయ్యాయి, ఇవన్నీ నడిస్తేనే తెలుస్తాయి. అన్నదమ్ములు ఒకే ఇంట్లో ఇరుక్కుని ఉన్నారంటే మనకు కొనుగోలుదారు ఉన్నట్టే.

ఐదారు వందల ఇళ్లు చాలు. ఐదువేల ఇళ్లకు ఒకసారి పంపే డబ్బుతో ఐదువందల ఇళ్లకు పదిసార్లు పంపొచ్చు. మాకు మొదటి ఉత్తరానికి దాదాపు ఫోన్లే రాలేదు. మూడోదానికి, "మీరు ఇంకా ఉన్నారన్నమాట" అంటూ మొదలుపెట్టారు.

పేర్లు, చిరునామాలు దాచుకోవడం మీద కొత్త చట్టం వచ్చిందట?

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, నిబంధనలు 2025 నవంబరులో ప్రకటించారు, దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. మీ జాబితా కంప్యూటర్లో ఎక్సెల్ షీటులో ఉంటే అది డిజిటల్ డేటానే. సైటు పుస్తకంలో చిరునామా రాయించుకునేటప్పుడే "ఉత్తరాలు పంపడానికి నాకు అభ్యంతరం లేదు" అని ఒక గడి పెట్టి టిక్కు పెట్టించుకోండి. వద్దన్నవాళ్ల పేరు ఆ రోజే కొట్టేయండి. ఫోన్లకు, ఎస్సెమ్మెస్‌లకు ఉన్న డీఎన్‌డీ (ప్రచారం వద్దని నమోదు చేసుకునే ఏర్పాటు) ఉత్తరాలకు వర్తించదు నిజమే. కానీ వద్దన్న ఇంటికి మళ్లీ ఉత్తరం వెళితే ఆ వీధి వీధంతా మన పేరు చెప్పుకుంటుంది.

స్థలం ఉన్నవాళ్లకు "అమ్ముతారా" అని రాయొచ్చా?

రాయొచ్చు. మా వ్యాపారంలో సగం అదే. విశాఖలోనో హైదరాబాదులోనో స్థిరపడి, అంబపువా దగ్గరో ఖోడాసింగిలోనో తాతలనాటి స్థలం వదిలేసిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. చుట్టూ ప్రహరీ ఉండదు, పక్కవాడి ఇసుక కుప్ప అందులోనే ఉంటుంది. వాళ్లకు ఆ స్థలం ఇప్పుడెలా ఉందో చెప్పే మనిషి కావాలి.

కానీ ఇక్కడ రెండు గోతులున్నాయి, రెండింటిలోనూ పడ్డాను.

పట్టాలో పేరున్న మనిషి బతికే ఉన్నాడనుకోవద్దు. మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) చేయించుకోని కుటుంబాలు ఎక్కువ, పట్టా ఇంకా తాతగారి పేరునే ఉంటుంది. ఓసారి నేను అలాగే ఒక పెద్దాయన పేర రాశాను. కూతురు ఫోను చేశారు. తిట్టలేదు. "మా నాన్నగారికి ఉత్తరం వచ్చి ఆరేళ్లయిందండీ" అని ఊరుకున్నారు. అప్పట్నుంచి కవరు మీద "కుటుంబ సభ్యులకు" అని చేర్చడం నేర్చుకున్నాను.

రెండోది, స్థలం సంగతి పోస్టుకార్డు మీద రాయకండి. ప్లాటు నంబరు, ధర, "అమ్మే ఆలోచన ఉంటే" అన్న మాట... ఇవి కింది వాటా తమ్ముడు ముందు చదివాడంటే అమ్మకం సంగతి తర్వాత, ముందు పంపకాల గొడవ మొదలవుతుంది. మూసిన కవరులోనే పెట్టండి. ఉత్తరంలో కూడా "మీ ఖాతా నంబరు ఇంత, విస్తీర్ణం ఇంత" అని మన తెలివి చూపిస్తే కొనడానికి వచ్చినట్టు ఉండదు, కాజేయడానికి వచ్చినట్టు ఉంటుంది. ఆ చుట్టుపక్కల పని చేస్తున్నామని, స్థలం ఇప్పటి ఫోటో కావాలంటే ఉచితంగా పంపుతామని రాయండి. చాలామంది ఆ ఫోటో కోసమే ఫోను చేస్తారు.

ఒక్కో ఉత్తరానికి ఎంతవుతుంది?

మామూలు ఉత్తరానికి 20 గ్రాముల దాకా 5 రూపాయల స్టాంపు. ఆపైన ప్రతి 20 గ్రాములకూ మరో 5. ఐదువందల ఇళ్లంటే ఒక విడతకు 2,500. ఏడాదికి ఆరు విడతలంటే స్టాంపులకే 15,000. అచ్చు, కవరు ఖర్చు మీ ఊరి ప్రెస్సును బట్టి ఉంటుంది.

ఈ 20 గ్రాముల గీత దగ్గరే నేను బోల్తాపడ్డాను. లెక్క సులువే. ఏ4 కాగితం చదరపు మీటరులో పదహారో వంతు. 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు 80 గ్రాములు) కాగితమైతే 5 గ్రాములు, 130 జీఎస్ఎం నున్నటి కాగితమైతే 8 గ్రాములు, 170 అయితే పదిన్నర. ఒక ఉత్తరం, ఒక బ్రోచరు, ఒక కవరు కలిపి 20 లోపే వస్తాయి. మేం ఉత్సాహం కొద్దీ 170 బ్రోచరు వేసి, లేఅవుట్ మ్యాపు మరో కాగితం పెట్టి, ఐదు రూపాయల స్టాంపే అతికించి డబ్బాలో పడేశాం. తూకం వెయ్యలేదు. కట్టలో చాలా ఉత్తరాలు బేరింగ్ అయ్యాయి. అంటే లోటుకు రెట్టింపు, ఉత్తరం అందుకున్నవాళ్లే కట్టాలి. మర్నాడు పొద్దున్నే ఫోను: "ఏటి బాబూ, నీ కాగితం నేను చదవాలంటే నేనే పది రూపాయలు కట్టాలేటి?" ఆయనకు ఏం చెబుతాం! ఆ పది రూపాయలు తీసుకుని ఇంటికే వెళ్లాను. టీ ఇచ్చారు, స్థలం మాత్రం ఇప్పటికీ కొనలేదు.

అప్పట్నుంచి కంసాలి త్రాసు లాంటి చిన్న డిజిటల్ త్రాసు మా టేబుల్ మీదే ఉంటుంది. వానాకాలంలో కాగితం చెమ్మ పీలుస్తుంది కాబట్టి 18 గ్రాములకే ఆగండి. ఎక్కువ ఉత్తరాలుంటే డబ్బాలో వేయకుండా కౌంటర్లో ఇవ్వండి. పెద్ద పోస్టాఫీసుల్లో ఫ్రాంకింగు (స్టాంపు బదులు యంత్రంతో ముద్ర), మడతపెట్టి అతికించే బిజినెస్ పోస్టు సేవ గురించి కూడా అడిగి చూడండి.

50 పైసల పోస్టుకార్డు మీద అచ్చేసి పంపితే చవక కదా?

చేత్తో రాసుకునే కార్డుకే ఆ ధర. అచ్చువేసిన కార్డు తరగతి వేరు, దానికి 6 రూపాయలు. అంటే కవరు కన్నా ఎక్కువ! ఈ కిటుకు తెలియక వెయ్యి కార్డులు అచ్చేసి తల పట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. చేత్తో రాసే ఓపిక ఉంటే మాత్రం పాత కొనుగోలుదారులకు పండగ శుభాకాంక్షలకు పోస్టుకార్డును మించింది లేదు.

రిజిస్టర్డ్ పోస్టులో పంపితే తప్పకుండా అందుతుంది కదా?

అందుతుంది, గుండె ఆగినంత పనీ అవుతుంది. సంతకం పెట్టించుకునే కవరంటే కోర్టు నోటీసో బ్యాంకు వేలమో అనుకుంటారు. 2025 సెప్టెంబరు 1 నుంచి అది స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కూడా. బేరం కుదిరాక కాగితాలు పంపడానికి వాడుకోండి.

ఇంటింటికీ చిరునామా లేకుండా పంచే తపాలా సేవ ఉందటగా?

డైరెక్ట్ పోస్ట్ అంటారు. పేరు లేని కాగితాలను మనం చెప్పిన ప్రాంతంలో పోస్ట్‌మ్యాన్ పంచుతాడు. కొత్త లేఅవుట్ తెరిచినప్పుడు చుట్టుపక్కల పేటలకు బాగానే ఉంటుంది. కానీ పేరు రాసిన కవరుకు ఉన్న బలం దానికి రాదు. నా మట్టుకు నేను రెండుసార్లు వాడి మానేశాను.

ఉత్తరానికి కూడా రెరా నంబరు కావాలా? అది ప్రకటన కాదు కదా!

ప్రకటనే. 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టంలో ప్రకటన అంటే నోటీసు, సర్క్యులర్, ఏ రూపంలోని ప్రచారమైనా అని రాసి ఉంది. "నేను తెలిసినవాళ్లకు ఉత్తరం రాశాను అంతే" అంటే కుదరదు.

500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్, లేదా ఎనిమిదికి మించిన ఫ్లాట్లు ఉంటే ముందు రిజిస్ట్రేషను, ఆ తర్వాతే ప్రచారం. ఉత్తరం మీద రెరా నంబరూ, ఆ రాష్ట్ర రెరా వెబ్‌సైటు చిరునామా రెండూ కనబడేలా అచ్చెయ్యాలి. చీమ తలకాయంత అక్షరాల్లో కాదు. రిజిస్ట్రేషను లేకుండా ప్రచారం చేస్తే ప్రాజెక్టు అంచనా వ్యయంలో 10 శాతం దాకా జరిమానా పడొచ్చు. ఉత్తరంలో రాసిన అబద్ధాన్ని నమ్మి ఎవరైనా డబ్బు కట్టి నష్టపోతే 12వ సెక్షన్ కింద పరిహారం ఇచ్చుకోవాలి. ఒప్పందం రిజిస్టరు కాకుండా 10 శాతం మించి అడ్వాన్సు తీసుకోకూడదు కాబట్టి "సగం కట్టి బుక్ చేసుకోండి" అని రాయకండి.

సరిహద్దులో ఉన్నవాళ్లు పొరపడేది ఇక్కడే. ఉత్తరం ఎక్కడ పోస్టు చేశామన్నది లెక్కలోకి రాదు, స్థలం ఎక్కడుందన్నదే లెక్క. లేఅవుట్ హల్దియాపదర్‌లో ఉంటే ఒడిశా రెరా, కంచిలిలో ఉంటే ఆంధ్రప్రదేశ్ రెరా. ఏజెంటు రిజిస్ట్రేషను కూడా ఒక రాష్ట్రానిది ఇంకో రాష్ట్రంలో చెల్లదు. ఇచ్ఛాపురంలో ఆఫీసు పెట్టుకుని బరంపురం లేఅవుట్ అమ్మేవాళ్లు ఒడిశాలో నమోదు కావాల్సిందే.

ఉత్తరంలో అసలు ఏం రాయాలి?

ధర కన్నా ముందు కొలత. ఈ ప్రాంతంలో కొలతల మీద జరిగినన్ని గొడవలు ధరల మీద జరగవు. శ్రీకాకుళం మనిషి సెంట్లలో, గజాల్లో ఆలోచిస్తాడు. ఇక్కడి పట్టాలో ఎకరాలు, డెసిమల్‌లు ఉంటాయి. డెసిమల్, సెంటు ఒకటే, 435.6 చదరపు అడుగులు, 48.4 గజాలు. చిక్కంతా గుంటతో. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు. ఒడిశాలో ఎకరానికి 25 గుంఠలు, అంటే గుంఠకు 4 డెసిమల్‌లు, దాదాపు 194 గజాలు. హైదరాబాదులో ఉద్యోగం చేసే కొడుకు ఒక గుంట అనుకున్నదీ, బరంపురంలో తండ్రి చూసినదీ ఒకటి కావు. అందుకని ఉత్తరంలో ఒకే వరుసలో అన్నీ రాస్తాం: 30×40 సైటు, 1,200 చదరపు అడుగులు, 133 గజాలు, రెండుముప్పావు డెసిమల్‌లు.

తర్వాత కిసమ్. పట్టాలో ఘరబారి (ఇంటి స్థలం) అని ఉందా, శారద అని ఉందా? శారద అంటే వరి భూమి. దాన్ని ఇంటి స్థలంగా మార్చాలంటే ఒడిశా భూసంస్కరణల చట్టం 8-ఎ కింద తహసీల్దారు దగ్గర కన్వర్షన్ కావాలి. అయిపోయిందా, దరఖాస్తులో ఉందా అన్నది దాచకుండా రాయండి. గోచరం (పశువుల మేత భూమి), దేవోత్తర (గుడి) భూమి పక్కనే ఉంటే హద్దు ఎక్కడో చూపించండి. బరంపురం డెవలప్‌మెంట్ అథారిటీ లేఅవుట్ అనుమతి ఉంటే నంబరు వేయండి.

రిజిస్ట్రేషను ఖర్చు కూడా రాయండి, ఇది ఎవరూ రాయరు. ఒడిశాలో స్టాంపు డ్యూటీ మగవాళ్ల పేరున 5 శాతం, ఆడవాళ్ల పేరున 4, పైన రిజిస్ట్రేషను ఫీజు 2. ఇరవై లక్షల స్థలానికి భార్య పేరున రాయించుకుంటే 20,000 మిగులుతుంది. ఈ ఒక్క వాక్యం చదివి వచ్చిన ఆడవాళ్లను లెక్కపెట్టడం మానేశాను.

వద్దనుకోవాల్సినవి: "ఐజర్‌కు (ఇక్కడి సైన్సు విద్యాసంస్థకు) ఐదు నిమిషాలు" లాంటివి. ఎవరి బండి మీద ఐదు నిమిషాలు? కిలోమీటర్లు రాయండి. "రెండేళ్లలో రెట్టింపు" అసలే వద్దు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిందని ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు. కాబట్టి నీళ్లు నిలుస్తాయా అని అడగక మానరు. వానాకాలంలో తీసిన సైటు ఫోటో ఒకటి పెడితే పది వాక్యాలు మిగులుతాయి.

రాయగడ, కొరాపుట్ వైపు స్థలాలకు ఉత్తరాలు పంపొచ్చా?

ముందు భూమి చూడండి. కొరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి, నవరంగపూర్ జిల్లాలు పూర్తిగా షెడ్యూల్డ్ ప్రాంతం. గజపతి జిల్లాలో ఆర్.ఉదయగిరి, గుమ్మా లాంటి భాగాలు కూడా అందులోవే. అక్కడ గిరిజనుల భూమి గిరిజనేతరులకు బదిలీ కావడాన్ని 1956 నాటి రెండో రెగ్యులేషన్ అడ్డుకుంటుంది, 2002 సవరణతో అది ఇంకా గట్టిపడింది. షెడ్యూల్డ్ ప్రాంతం బయట కూడా ఎస్సీ, ఎస్టీల భూమి ఇతరులు కొనాలంటే భూసంస్కరణల చట్టం 22వ సెక్షన్ ప్రకారం రెవెన్యూ అధికారి రాతపూర్వక అనుమతి ఉండాలి. జయపురంలో, గునుపురంలో తెలుగువాళ్ల మధ్య పాత ఇళ్ల అమ్మకాలుంటే సరే, పట్టా మూడు తరాలు వెనక్కి చూసుకుని రాయండి. "కొండ పక్కన చవక ఎకరాలు" అని ఎవరైనా మీ చేత ఉత్తరం రాయించబోతే ఆ పనికి ఒప్పుకోవద్దు.

డిజైనరు నలుపు, బంగారు రంగుల కవరు చూపించాడు. చాలా రిచ్‌గా ఉంది. తీసుకోమంటారా?

మేం తీసుకున్నాం. ఆ కవరు రెండిళ్లలో గడప లోపలికి కూడా వెళ్లలేదు. నల్ల అంచు కాగితం పోస్టులో వచ్చిందంటే పెద్దవాళ్లకు కర్మ కబురే. చదివి చింపేస్తారు, ఇంట్లో ఉంచరు. తెల్ల కవరు, ఓ మూల కాస్త పసుపు రంగు చాలు. అచ్చులో పసుపు చాలు, నిజం పసుపు రాయక్కర్లేదు. అదీ చేశాం లెండి ఒక ఉగాదికి, ఆఫీసంతా నాలుగు రోజులు పచ్చచేతులతో తిరిగాం.

ఏ నెలలో పంపాలి?

ఆషాఢంలో, భాద్రపదంలో, పుష్యంలో, మూఢంలో తెలుగు ఇల్లు స్థలం మాట ఎత్తదు. ఆ ముందు నెలలోనే ఉత్తరం చేరిపోవాలి, వాళ్లు శూన్యమాసంలో ఆలోచించుకుని తర్వాత అడుగు వేస్తారు. ఒడియా పంజిక (పంచాంగం) పున్నమితో నెల ముగిస్తుంది, మనది అమావాస్యతో. కాబట్టి రెండు వైపులా అచ్చేసే కాగితం మీద "ఈ శుభమాసంలో" అని రాస్తే ఒకవైపు తప్పవుతుంది. తేదీ వేస్తే పోతుంది.

రెండేళ్లకోసారి వచ్చే ఊరి దేవత బుఢీ ఠాకురాణి యాత్రకు బయటి ఊళ్లలో ఉన్నవాళ్లంతా బరంపురం వస్తారు. యాత్రకు మూడు వారాల ముందు చేరిన ఉత్తరం తీగకు గుచ్చి వాళ్ల కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. అక్టోబరులో మాత్రం వాయుగుండం కబురు విని పోస్టు చేయండి.

ఏ ఉత్తరం పనిచేసిందో ఎలా తెలుస్తుంది?

ఒక్కో విడతకు ఒక్కో గుర్తు. మేం ఉత్తరం కింద మా మనిషి పేరు మారుస్తాం. మార్చి ఉత్తరంలో "రాజు గారిని అడగండి", జూన్ ఉత్తరంలో "సూరి గారిని అడగండి". ఆఫీసులో ఆ పేర్లతో ఎవరూ లేరు, ఫోనెత్తేది నేనే. ఎవరిని అడిగారో చూసి పుస్తకంలో గీత పెడతాను. విడిగా ఒక సిమ్ పెట్టుకుంటే ఇంకా తేలిక. ఫోనెత్తిన మనిషికి తెలుగూ ఒడియా రెండూ రావాలి. తెలుగు ఉత్తరం చూసి ఫోను చేస్తే అవతల "కొణ దర్కార్" (ఏం కావాలి) అని ఒడియా వినబడితే పెట్టేస్తారు.

మహారాష్ట్ర సరిహద్దులో ఇది పనికొస్తుందా?

సిరొంచ, దెగ్లూరు, ధర్మాబాద్ వైపు పనిచేస్తున్న ఒకరిద్దరు మా పద్ధతి తీసుకెళ్లారు. అక్కడ రెండో వైపు మరాఠీ ఉండాలి, పట్టా బదులు సాత్‌బారా (అక్కడి భూరికార్డు), గుంఠ మళ్లీ ఎకరంలో నలభయ్యో వంతు. వ్యవసాయ భూమి రైతు కానివాళ్లు కొనడానికి అక్కడ ఆంక్షలున్నాయి కాబట్టి ఎన్ఏ (వ్యవసాయేతరంగా మారిన) స్థలాల గురించే రాయండి. మహారెరా నంబరు సరేసరి.

వెనక్కి వచ్చిన కవర్లు పారేయొచ్చా?

వెనక్కి రావాలంటే ముందు కవరు వెనక మీ చిరునామా ఉండాలి, లేకపోతే అవి ఎటు పోయాయో తెలీదు. వచ్చినవాటిని పారేయకండి. పోస్ట్‌మ్యాన్ రాసిన ముక్క చదవండి. "ఇల్లు మారారు" అంటే ఆ ఇంట్లో కొత్త అద్దెవాళ్లు ఉన్నారు, వాళ్లకు సొంతిల్లు లేదు. "తాళం" అని రెండుసార్లు వస్తే యజమాని బయట ఊళ్లో ఉన్నాడు, ఇల్లు అమ్మే ఆలోచన ఉండొచ్చు. "తీసుకోలేదు" అంటే జాబితాలోంచి కొట్టేయడమే. "చిరునామా చాలదు" అంటే తప్పు మనది, ఆదివారం నడిచి చూసుకోవాలి.

మొన్న ఆస్కా రోడ్డు నుంచి తిరిగొచ్చిన ఒక కవరు మీద పోస్ట్‌మ్యాన్ ఒడియాలో ఒక వాక్యం రాశాడు. మా అబ్బాయి చేత చదివించుకున్నాను. ఆ ఇంటివాళ్లు ఇప్పుడు గోపాల్‌పూర్ రోడ్డులో కొత్తిల్లు కట్టుకున్నారట, ఫలానా మందుల షాపు వెనక. జాబితాలో వాళ్ల పాత చిరునామా కొట్టేసి కొత్తది ఎక్కించాను. వచ్చే విడత వాళ్లకు అమ్మకం ఉత్తరం వెళ్లదు, గృహప్రవేశం శుభాకాంక్షల కార్డు వెళుతుంది.